సముద్ర విలాస్ మీద రావిచెట్టు

నేను గుడివాడ నుంచి బందరుకి బదిలీ అయి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చేరింది కోవిడ్ మాస్కులు జేబుల్లోకి దిగిన ఏడాది, వేసవి చివర్లో. పురపాలక ఇంజనీరింగ్ విభాగంలో ఈ హోదాని అందరూ డీఈ అంటారు. కింద అసిస్టెంట్ ఇంజనీర్లు, పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, మధ్యలో డీఈ. కిందివాళ్ళు చూసొచ్చినదాన్ని పైవాళ్ళు నమ్మేటట్టు రాయడం అతని పని. అప్పటికి నా రిటైర్మెంటు రెండేళ్ళలోకి వచ్చేసింది. ఆ రెండేళ్ళూ రోడ్ల గుంటలతో, మురుగు కాలవలతో ప్రశాంతంగా గడిచిపోతాయనుకున్నాను. చేరిన వారంలోనే సముద్ర విలాస్ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

బందరు నడిబొడ్డున, బజారు రోడ్డు మీద ఉన్న పాత హోటలు అది. కింద భోజనశాల, మీద బస గదులు. గానుగ సున్నంతో కట్టిన మూరెడు మందం గోడలు, టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో దిమ్మిస కొట్టిన కప్పు. మా భాషలో దాన్ని మద్రాసు టెర్రస్ అంటాం. పేరు సముద్ర విలాస్ గానీ, డాబా ఎక్కి మునివేళ్ళ మీద నిలబడినా సముద్రం కనపడదు. ఆ మాట అడిగితే, గాలి వస్తుంది కదండీ అనేవారట పాత యజమానులు. డెబ్భై ఏడు ఉప్పెన తరవాత దివిసీమకి సాయం మోసుకెళ్ళిన వాళ్ళలో చాలామంది ఇక్కడే తలదాచుకున్నారని చెప్పుకుంటారు. కోర్టు వాయిదాలకి అవనిగడ్డ నుంచీ నాగాయలంక నుంచీ వచ్చే కక్షిదారులు ఎదురెదురు గదుల్లో దిగి, పొద్దున్నే ఒకే బల్ల మీద ఇడ్లీలు తిని, తరవాత కోర్టుకెళ్ళి కొట్టుకునేవారట.

పాత యజమానుల వారసులు నాలుగూళ్ళలో స్థిరపడి, నలుగురూ కలిసి వెంకటరత్నం గారికి అమ్మేశారు. వెంకటరత్నం గారిది గుడివాడ దగ్గర పల్లె. చేపల చెరువులతో మొదలుపెట్టి, లేఅవుట్లు వేసి, అపార్టుమెంట్లు కట్టి పైకొచ్చిన బిల్డరు. ఎంత కోపంగా వెళ్ళినవాడైనా ఆయన దగ్గర కాఫీ తాగి నవ్వుతూ బయటికి రావలసిందే. సముద్ర విలాస్ స్థలంలో ఆయన ఐదంతస్తుల కాంప్లెక్సు కట్టాలనుకున్నారు. అడ్డు ఒక్కటే. ఆ హోటలు ఊళ్ళోని పాత కట్టడాల జాబితాలో ఉంది. జాబితాలో ఉన్నదాన్ని పడగొట్టాలంటే, అది మనుషులకి ప్రమాదకరమని ఇంజనీరింగ్ విభాగం ధ్రువీకరించాలి.

కాబట్టి వెంకటరత్నం గారు ఏమీ చేయలేదు. ఏమీ చేయకపోవడాన్ని అంత శ్రద్ధగా చేసిన మనిషిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు. డాబా తూములో ఆకులు అడ్డుపడితే తీయించలేదు. మీద గదుల కిటికీలు మూయించి మళ్ళీ తెరవనివ్వలేదు. గాలి ఆడకపోతే టేకు కూడా చెమ్మకి లోబడుతుందని చేపల వ్యాపారం నుంచి వచ్చినాయనకి ఎవరు చెప్పారో తెలీదు. ఎవరైనా అడిగితే మాత్రం, పాత కట్టడం కదండీ, చెయ్యి వేయాలంటే భయం అనేవారు.

ఊరు రెండుగా చీలింది. పరిరక్షణ కమిటీ అని ఒకటి వెలిసింది. అందులో ఎక్కువమంది పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే పెద్దమనుషులు. సముద్ర విలాస్ మన వారసత్వం అని ప్రకటనలిచ్చి, టిఫినుకి మాత్రం బైపాసు రోడ్డు మీది ఏసీ హోటలుకి వెళ్ళేవారు. రెండో వర్గానికి కాంప్లెక్సు కావాలి. బందరులో కదిలే మెట్లు లేవన్నది వాళ్ళ ఆవేదన. వాటి మీద ఒక్కసారి ఎక్కి దిగడానికి విజయవాడ దాకా పోవాల్సి వస్తోందని ఒకాయన సోమవారం ఫిర్యాదుల సమావేశంలో దాదాపు కంటతడి పెట్టాడు. రెండు వర్గాలూ అర్జీలిచ్చాయి. భవనాన్ని పరిశీలించి నివేదిక ఇమ్మని కమిషనర్ గారు నాకు రాశారు.

ఇలాంటి నివేదికలో చివరికి మూడు మాటల్లో ఒకటి రాయాలి. భవనం బాగుంది అన్నది మొదటిది. మరమ్మతుతో నిలుస్తుంది అన్నది రెండోది. ప్రమాదకరం, వెంటనే ఖాళీ చేయించాలి అన్నది మూడోది. మొదటి రెండిటికీ అప్పీళ్ళు, వాయిదాలు, ప్రతివాదనలు ఉంటాయి. మూడోదానికి అంత తీరిక ఉండదు. ఆ మాట రాసిన వారంలో లోపలి వాళ్ళు బయట ఉంటారు.

లోపల ఉన్నది రాజ్యలక్ష్మి గారు. కింది భోజనశాలని ఆవిడ భర్త అద్దెకి తీసుకుని నడిపేవారు. ఆయన పోయాక ఆవిడ నడుపుతున్నారు. హోటలు చేతులు మారినా, భవనం నివాసయోగ్యంగా ఉన్నంతకాలం ఆవిణ్ణి కదపకూడదని కోర్టు చెప్పింది. వంటలో, వడ్డనలో పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళే, చాలామంది ఒంటరివాళ్ళు. ముద్దపప్పు, బీరకాయ కూర, చారు, గడ్డ పెరుగు. మధ్యాహ్నం కోర్టు గుమాస్తాలు, బంటుమిల్లి వైపు నుంచి పనుల మీద వచ్చే రైతులు అక్కడే తినేవారు. ఆ బజారులో ఆవిడకి అందే అద్దెలో ఇంకో చోటు దొరకదు. నేను మూడో మాట రాస్తే ఆ పొయ్యి ఆరిపోతుంది. ఇందులో ఏ సందేహమూ లేదు.

మొదటి పరిశీలనకి వెళ్ళిన రోజు ఆవిడ నన్ను బతిమాలుతారేమోనని ముందే గట్టిపడి వెళ్ళాను. ఆవిడ బతిమాలలేదు.

"అన్నయ్యగారూ, మీరు నాకోసం అబద్ధం రాయొద్దండి. కాకపోతే గోడ మాత్రమే చూసి వెళ్ళిపోకండి. దాని మీద ఏం ఎక్కి కూర్చుందో అదీ చూడండి" అన్నారు.

ఎక్కి కూర్చున్నది రావి మొక్క. వెనకవైపు పిట్టగోడ దగ్గర, మూసుకుపోయిన తూము పక్కన మొలిచింది. పిట్ట తెచ్చి పడేసిన గింజకి నిలవ నీళ్ళు దొరికాయి. మొక్క అని మాటవరసకి అంటున్నాను గానీ, అప్పటికే నా ఎత్తు దాటింది. దాని వేళ్ళు సున్నపు అతుకుల్లోకి దిగి, గోడని పైనుంచి కిందికి తెరుస్తూ వస్తున్నాయి. బీట వంటగది కప్పు దాకా వచ్చింది. సుత్తితో గోడంతా తట్టి చూశాను. బీటకి రెండు వైపులా గోడ గట్టిగా పలికింది. దూలాల్లో రెండిటి కొనలు మెత్తబడ్డాయి, తక్కినవి బాగున్నాయి. బీట ఆగి ఉందో నడుస్తోందో తెలుసుకోడానికి దాని మీద అడ్డంగా సన్నటి గాజుపలక పెట్టి, రెండు కొసలూ ప్లాస్టరుతో అతికించాను. దీన్ని టెల్‌టేల్ అంటాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. అంతకంటే నిజాయితీగల సాక్షిని ఏ కోర్టులోనూ చూడలేదు.

నిబంధనల ప్రకారం యజమానికి నోటీసు ఇప్పించాను. తూము శుభ్రం చేయించాలి, మొక్కని వేళ్ళతో సహా తీయించాలి, బీటలో సున్నం కూర్పించాలి. గడువు ముప్పై రోజులు. మర్నాడే వెంకటరత్నం గారు నా గదికి వచ్చారు. చేతిలో ప్రసాదం పొట్లం ఉంది.

"డీఈ గారూ, మీరేం చెయ్యమన్నా చేస్తానండి. ఒక్క ఆ చెట్టు విషయంలో నన్ను వదిలెయ్యండి. రావి చెట్టండి అది. సాక్షాత్తూ విష్ణుమూర్తి. దాన్ని కొట్టి ఆ పాపం నేనెక్కడ పెట్టుకోనండి?"

ఈయన లేఅవుట్ల కోసం నేలమట్టం చేసిన మామిడి తోటలు గుడివాడ చుట్టుపక్కల అందరికీ గుర్తే. మామిడికి దేవుడి హోదా లేదు కాబోలు. అంతటితో ఆగకుండా ఆయన ఇంకో మాట అన్నారు. తప్పదంటే మీరే కొట్టెయ్యమని రాసివ్వండి, కింద మీ పేరూ సంతకమూ పెట్టి, నేను గేటుకి అతికిస్తాను అన్నారు.

నా పేరు జాన్ సుందరరావు. బంటుమిల్లి దగ్గర పల్లెలో పుట్టాను. మా తాతగారి కాలం నుంచీ మాది చర్చి కుటుంబం. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆ పేరుతో నేను గుడి కాలవలు తవ్వించాను, దర్గా రోడ్డు వేయించాను, చర్చి ప్రహరీ ముందుకొస్తే వెనక్కి జరిపించాను. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ రావిచెట్టు కొట్టమన్న కాగితం కింద జాన్ అని ఉంటే ఏమవుతుందో వెంకటరత్నం గారికీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన నవ్వుతూ ప్రసాదం చేతిలో పెట్టారు. నేనూ నవ్వుతూ తిన్నాను. చక్కెర పొంగలి బాగానే ఉంది.

గడువు ముగిసేలోపే చెట్టుకి పసుపు బట్ట వచ్చింది. మొదలు చుట్టూ కుంకుమ, ముందు చిన్న ప్రమిద. ఎవరు చేశారో అడగక్కర్లేదు. దాని ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. మట్టి లేకుండా గోడలోంచి అశ్వత్థం వెలిసిందని రాశారు. మట్టి లేకపోవడం నిజమే. అది తినేది గోడని.

శ్రావణం వచ్చేసరికి శనివారాలు జనం మొదలయ్యారు. రావిచెట్టుకి శనివారం ప్రదక్షిణ చేయడం మామూలే. ఇక్కడ వచ్చిన చిక్కల్లా, చెట్టు పిట్టగోడకి బయటవైపు వాలి ఉంది. చుట్టూ తిరగాలంటే సగం దూరం గాలిలో నడవాలి. అందుకని భక్తులు డాబా మొత్తాన్నీ చుట్టి రావడం మొదలుపెట్టారు. పాత చెక్కమెట్లు ఎక్కి, తడిసిన మద్రాసు టెర్రస్ మీద గోవిందనామాలతో తిరిగి, దిగి వచ్చి రాజ్యలక్ష్మి గారి దగ్గర ఉప్మా తిని వెళ్ళేవారు. ఇడ్లీ పిండి మధ్యలో అయిపోయి ఆవిడ మళ్ళీ రుబ్బించుకునేవారు.

ఇక్కడే వెంకటరత్నం గారి లెక్క తప్పింది. చెట్టుని దేవుణ్ణి చేస్తే మరమ్మతు ఆగుతుందని ఆయన చూసుకున్నారు. దేవుడున్న చోట కాంప్లెక్సు కట్టనివ్వరన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఎవరో డాబా మీద హుండీ కూడా పెట్టారు. పరిరక్షణ కమిటీ వాళ్ళు నా దగ్గరికి వచ్చి, చెట్టు అలాగే ఉండనివ్వండి సార్, ఇక ఎవడూ హోటలు జోలికి రాడు అన్నారు. వెంకటరత్నం గారు మాత్రం కంగారుపడలేదు. బీట ఆయన పక్షాన పనిచేస్తూనే ఉంది. ఆయన ఎదురుచూస్తే చాలు.

అలా ఆ చెట్టు అందరికీ పనికొచ్చింది. బిల్డరుకి గోడ పగలాలి, కమిటీకి కాపలా కావాలి, భక్తులకి పుణ్యం కావాలి, రాజ్యలక్ష్మి గారికి గిరాకీ కావాలి. ఊరు మొత్తమ్మీద చెట్టుకి వ్యతిరేకంగా మిగిలింది నేనొక్కణ్ణే. అందులోనూ పేరు జాన్.

మూడో శనివారం తరవాత వెళ్ళి చూస్తే గాజు విరిగింది. ఎవరైనా కొడితే గాజు ముక్కలు ముక్కలవుతుంది. ఇది బీట పొడవునా తిన్నగా చీలింది. గోడ కదిలింది. నాకు భయం వేసింది. ఆ డాబా మీద, మెత్తబడిన దూలాల మీద, వచ్చే శనివారం జనం మళ్ళీ తిరుగుతారు. ఏదైనా జరిగితే కింద వంటవాళ్ళు ఉంటారు. మేడమెట్లకి వెంటనే తాళం వేయించి, ప్రవేశం లేదని బోర్డు పెట్టించాను. ఇంత కదలిక ఇంకోసారి కనిపిస్తే మూడో మాట రాయక తప్పదు.

ఆ మాట రాజ్యలక్ష్మి గారికి చెబుదామని వంటగదిలోకి వెళ్ళాను. చెట్టుని చూడమని మొదట నాకు చెప్పినావిడే ఇప్పుడు నమ్మలేదు. చెట్టు కోసం జనం వచ్చాకే నాలుగు రాళ్ళు కళ్ళజూస్తున్నాను అన్నయ్యగారూ, దాన్నంటారేమిటండీ అన్నారు. వెనక గోడకి ఆవకాయ జాడీల అర ఉంది. జాడీలు జరిపించి చూపించమన్నాను. అర వెనక, గోడలోంచి తెల్లటి వేరు ఒకటి జానెడు పొడుగున బయటికి వచ్చి ఉంది. దాని మీద పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంది.

ఎవరు పెట్టారమ్మా అన్నాను. వారం కిందట కనపడిందండీ, లోపలికి కూడా వచ్చాడు స్వామి అనుకుని నేనే పెట్టాను అన్నారు. ఆ వేరు వెంట బీట పొయ్యి గట్టు దాకా దిగడం నేను వేలితో చూపించాను. ఆవిడ నా వేలు వెంటే చూసి, అక్కడే పీట మీద కూర్చుండిపోయారు.

శనివారం పొద్దున్న నేను వెళ్ళేసరికి హోటలు ముందు గుంపు ఉంది. తాళం చూసి జనం మండిపడుతున్నారు. వెంకటరత్నం గారు ఒక పక్కన చేతులు కట్టుకుని, ఏం చేస్తామండీ, ఆఫీసు వాళ్ళ ఆర్డరు అంటున్నారు. మర్యాదస్తుడు కాబట్టి నా పేరు తను చెప్పలేదు. ఎవరో అడిగేదాకా ఆగారు. తాళం వేయించిందెవరు అని ఒకావిడ గట్టిగా అడిగింది. డీఈ గారండి అన్నాడు ఆయన పక్కనున్నవాడు. ఏ డీఈ గారు అంది ఆవిడ. అప్పుడు రాజ్యలక్ష్మి గారు చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ లోపలినుంచి వచ్చారు.

"నేనే వెయ్యమన్నానండి. నా వంటగది గోడ పగిలింది. మీరు పైన తిరుగుతుంటే కింద వంట చేసే నా పిల్లలు పొయ్యి దగ్గరుంటారు. రేపు వాళ్ళ నెత్తిన కప్పు పడితే ఎవరికండీ పుణ్యం?"

ఆవిడ నన్ను తాళం వేయమనలేదు. అలా అనడం వల్ల ఆవిడకి పోయేదే తప్ప వచ్చేదేమీ లేదు. ఆ గుంపు ఆవిడ గిరాకీ. నా మీద పడబోయేదాన్ని ఆవిడ తన మీద వేసుకున్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పైఅధికారి ఒక్కరైనా నాకోసం చేయని పని అది. ఆవిడ పట్ల నాకు కలిగిన కృతజ్ఞత ఇప్పటికీ తగ్గలేదు.

అంతటితో గొడవ ఆగిపోలేదు. చెట్టుని కొట్టనిచ్చేది లేదని కొందరు, పైకి వెళ్ళనివ్వండని కొందరు కేకలు వేస్తూనే ఉన్నారు. ఆవిడ ముందురోజే వెళ్ళి చెప్పి వచ్చినట్టున్నారు, శేషాచార్యులు గారు రిక్షా దిగారు. ఆయన ఆ పేటలో ఆలయ అర్చకులు. శనివారం భక్తుల్లో సగం మంది ఆయనకి తెలిసినవాళ్ళే. తిన్నగా వెనక వీధిలోకి వెళ్ళి, తల ఎత్తి చెట్టుని చాలాసేపు చూశారు. జనం ఆయన వెనకే వెళ్ళారు. నేనూ వెళ్ళాను.

చెట్టుని కొట్టాలని ఎవరన్నారండీ అని ఆయన అడిగారు. కొట్టక్కర్లేదు, మార్చుకోవచ్చు, గోడలో వేళ్ళు బిగుసుకుపోయిన చెట్టుకి మనం చేస్తున్నది సేవ కాదు, దానికి మట్టి కావాలి, నీళ్ళు కావాలి, చుట్టూ తిరగడానికి నేల కావాలి అన్నారు. అనుమతి అడిగి, పూజ చేసి, వేళ్ళతో సహా తీసి వేరే చోట నాటితే దోషం లేదన్నారు. ఆ మాటతో కేకలు తగ్గాయి. మరి ఎక్కడ నాటాలి అని ఆడవాళ్ళు అడిగారు. ఆచార్యులు గారు చుట్టూ చూసి, వెంకటరత్నం గారి దగ్గర ఆగారు.

"యజమాని గారే ఉన్నారు కదండీ. మొదట పసుపు బట్ట కట్టించింది వారేనటగా. అంతటి భక్తులుండగా మనం స్థలం ఎక్కడో వెతుక్కోవడం దేనికి? పెడన రోడ్డులో వారి లేఅవుట్ ఉంది."

వెంకటరత్నం గారు నవ్వారు. అంతమంది ఎదుట ఇంకేం చేయగలరు? తప్పకుండానండి, మా అదృష్టం, లేఅవుట్ చివర కాలవగట్టున ఖాళీ ఉంది అన్నారు. ఆచార్యులు గారు తల అడ్డంగా ఊపారు. ఈశాన్యం మూల అయితే శ్రేష్ఠం అన్నారు. ఆ లేఅవుట్‌లో ఈశాన్యం మూల అంటే రెండు రోడ్లు కలిసే కార్నర్ బిట్టు. బ్రోచరు అట్ట మీద దాని బొమ్మే ఉంటుంది. ఆడవాళ్ళు గోవిందా అన్నారు. వెంకటరత్నం గారి పెదవులు కూడా గోవిందా అన్నట్టే కదిలాయి, గొంతు మాత్రం వినపడలేదు. ఇంకొక సంగతి, చెట్టు లేచిన చోటు ఖాళీగా వదలకూడదు, యజమాని చేతుల మీదుగా పూడ్పించి గోడ పూర్తి చేయించాలి అని కూడా ఆచార్యులు గారు చెప్పారు. నోటీసుతో నేను సాధించలేకపోయినది అది.

ఆయన రిక్షా ఎక్కుతుంటే నేను మెల్లగా అడిగాను. చెట్టు లేచిన చోటు పూడ్పించాలన్నది శాస్త్రంలో ఉందా ఆచార్యులు గారూ అన్నాను. శాస్త్రంలో వెతకలేదు బాబూ, ఇంగితంలో ఉంది అన్నారు.

భాద్రపదంలో, వాన తెరిపిచ్చిన రోజు పని మొదలుపెట్టాం. పూజ ఆచార్యులు గారిది, ఆ తరవాతది నాది. ముందు సర్వి బాదులతో వంటగది కప్పుకి ఊతం ఇచ్చాం. కొమ్మలు తగ్గించి బరువు దించాం. తాపీమేస్త్రి పైనుంచి ఒక్కొక్క వరస ఇటుకలు విప్పుతూ, వేరు ఎటు వెళితే అటు వెళ్ళాడు. వేరు లాగితే గోడ వస్తుంది. గోడని విప్పితే వేరు తనంతట తనే వస్తుంది. జాడీల వెనక వేరు చివరగా వచ్చింది. దానికి పెట్టిన బొట్టు ఇంకా ఉంది, రాజ్యలక్ష్మి గారే దాన్ని రెండు చేతులతో అందుకుని మేస్త్రికి ఇచ్చారు. విప్పిన చోట సిమెంటు వాడనివ్వలేదు. సున్నపు గోడ గాలి పీలుస్తుంది, సిమెంటు పీల్చదు, రెండిటికీ కాపురం కుదరదు. సున్నంలో ఇటుకపొడి కలిపి కట్టించాం. దూలాల మెత్తబడ్డ కొనలు కోసి కొత్త టేకు అతికించాం. తూము తెరిచాం. బీట ఉన్న చోట కొత్త గాజుపలక పెట్టాను.

తుపాన్ల కాలం వెళ్ళేదాకా నివేదిక ఇవ్వలేదు. కార్తీకంలో రెండుసార్లు గట్టి గాలివాన కొట్టింది. ఆ రెండుసార్లూ తెల్లారగానే గాజు చూడడానికి వెళ్ళాను. రెండుసార్లూ బాగానే ఉంది. రెండో మాట రాశాను. మరమ్మతుతో నిలుస్తుంది, మరమ్మతు జరిగింది, కింది భాగంలో ఉన్నవారు కొనసాగవచ్చు. కమిషనర్ గారు ఆమోదించారు. రాజ్యలక్ష్మి గారి పొయ్యి వెలుగుతూనే ఉంది. కాంప్లెక్సు రాలేదు. మీద గదులు మూతపడే ఉన్నాయి, వాటిని తెరిపించే అధికారం నా నివేదికకి లేదు. వెంకటరత్నం గారు ఎప్పుడు కనిపించినా నన్ను అదే మర్యాదతో పలకరించేవారు. రిటైర్మెంటు రోజున బొకే కూడా పంపారు. నాకు ఆయన మీద కోపం లేదు. అంత ఓపిక ఉన్న మనిషి మంచి పనికి పూనుకుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది, అంతే.

రావిచెట్టు పెడన రోడ్డులో ఏపుగా పెరిగింది. శనివారం జనమంతా అటు మళ్ళారు. కార్నర్ బిట్టు పక్కన రెండు టిఫిన్ బళ్ళు వెలిశాయి. సముద్ర విలాస్‌లో శనివారం మళ్ళీ మామూలు శనివారం అయింది. రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం భోజనానికి వెళితే రాజ్యలక్ష్మి గారు నాకు స్వయంగా పప్పు వడ్డిస్తూ, గోడ నిలబెట్టారు, గిరాకీ పడగొట్టారు అన్నయ్యగారూ అన్నారు. నవ్వుతూనే అన్నారు. అన్నది మాత్రం నిజమే.

భవనం చూడడానికి వెళ్ళినప్పుడు ముందు బీట ఎంత వెడల్పుందో కొలవాలని మాకు కాలేజీలో నేర్పారు. నా తరవాత వచ్చిన డీఈకి ఛార్జి అప్పగించేటప్పుడు అది అతనికీ చెప్పాను. దాంతోపాటు, ఆ బీట ఉండడం ఎవరెవరికి కావాలో కనుక్కోమన్నాను. గోడని బాగుచేయడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆ బీట ఎవరికీ అక్కర్లేకుండా చేయడానికి మూడు నెలలు పట్టింది.